ఆఖరి బండి అతుకులు

మా తెలుగువాళ్ళ సంఘం ట్రాలీని ఒంటిచేత్తో తయారుచేసింది నేనేనని ఖుర్సీపార్‌లో చాలామందికి చెప్పాను. కొందరికి రెండేసి సార్లు చెప్పాను. కొలతలు నావే, రేకు కోసింది నేనే, రివెట్లు కొట్టింది నేనే, ఆఖరికి టైర్లలో గాలి కూడా నోటితో ఊదానన్నట్టు చెప్పేవాడిని. వినేవాళ్ళలో ఉక్కు ప్లాంటులో పనిచేసినవాళ్ళు ఎవరూ లేకుండా మాత్రం చూసుకునేవాడిని. అసలు సంగతి ఏమిటంటే దాన్ని నలుగురం కలిసి చేశాం. మిగతా ముగ్గురూ ఆరితేరిన పనివాళ్ళు. నేను అప్పటికి హెల్పర్ని. రేకు అవతలి కొస పట్టుకోవడం, సుత్తి అందించడం, టీ తేవడం నా వంతు. ఆ ముగ్గురినీ తర్వాత ఆ ట్రాలీ మీదే తీసుకెళ్ళాం. కాబట్టి ఇప్పుడు నా మాట కాదనేవాళ్ళు లేరు.

అది పోయిన మనుషుల్ని ముక్తిధామ్‌కి, అంటే ఇక్కడి శ్మశానానికి, చేర్చే ట్రాలీ. జీపు చక్రాలు రెండు, ఇనుప యాంగిళ్ళ చట్రం, దాని మీద పరిచిన రేకులు, ముందు ఒక కొక్కెం. దేనికి తగిలిస్తే దాని వెనక నడుస్తుంది. ఇప్పుడు ఆటోకి తగిలిస్తున్నాం. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ పనికోసం ఇక్కడికొచ్చిన మావాళ్ళకి మొదట్లో చావంటే పెద్ద ఇబ్బంది మోసేవాళ్ళు లేకపోవడమే. ఎవరైనా పోయారని కబురొచ్చేసరికి సగం భుజాలు షిఫ్టులో ఉండేవి. మిగతా సగం నైట్ డ్యూటీ చేసొచ్చి గుర్రుపెడుతుండేవి. అందుకే సంఘం ఈ ట్రాలీ చేయించింది. ఇది వెయ్యిమందిని మోసిందని చెబుతుంటాను. ఎవరూ లెక్కపెట్టలేదు. చాలామందిని మోసింది. మా అబ్బాయిని మోసింది.

వాడు కాలేజీ చదువు పూర్తిచేసిన ఏడాదే కామెర్లు వచ్చి పోయాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ట్రాలీకి మావాళ్ళు రెండు మర్యాదలు పెట్టుకున్నారు. దహనం అయి తిరిగొచ్చాక మైల పోయేలా బకెట్లకొద్దీ నీళ్ళు పోసి కడగాలి. పదకొండో రోజున ఆ ఇంటివాళ్ళు దానికి ఒక కోటు రంగు వేయించాలి. పోయిన మనిషికి ఏ రంగు ఇష్టమో ఆ రంగు. ఇది మా ఊళ్ళ నుంచి తెచ్చుకున్న ఆచారం కాదు, ఇక్కడే పుట్టింది. విశ్వకర్మ పూజ వస్తే మిషన్లకు రంగులేసి బొట్లు పెట్టే అలవాటు నుంచి వచ్చి ఉంటుందని నా ఊహ. ఒకావిడకి చిలకపచ్చ, ఒక క్రేన్ డ్రైవరుకి పసుపు. మా అబ్బాయికి మేం నీలం వేయించాం. వాడి సైకిలు రంగు అది.

ఇనుము తీసి బతికే ఊళ్ళో ఉండి ఇనుము మీద ఇంత తెలివితక్కువ పని మేమే చేయగలం. ట్రాలీ నేల ఒకే రేకు కాదు. ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు రెండు వేళ్ళ వెడల్పున ఎక్కి, మధ్యలో రివెట్లు పడతాయి. ఆ రెండు అంచుల మధ్యకి నీరు దిగితే మళ్ళీ బయటికి రాదు. దాని మీద రంగు వేస్తే అతుకు నోరు మూసుకుపోయి నీరు లోపలే ఉండిపోతుంది. చూసేవాళ్ళకి కొత్త రంగుతో మెరుస్తుంటుంది. లోపల తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి, రెండు రేకుల్నీ విడదీస్తూ ఉంటుంది. ప్రతి చావుకీ మేం ముందు దానికి నీళ్ళు తాగించాం, తర్వాత మూతికి గుడ్డ కట్టాం.

ఈ ఏడు వానలు వెనకబట్టాక సంఘం సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. హార్డ్‌వేర్ షాపు అతనిది. ఇక్కడే పుట్టాడు, నన్ను బాబాయ్ అంటాడు.

“బాబాయ్, ఫ్లోరంతా పూరీలాగ ఉబ్బీసింది. మొన్న ముక్తిధామ్ కాడ దించుతుంటే ఒకాయన కాలు రేకులోంచి కిందకి దిగీసింది. నసీబ్ బాగుంది, బతికున్నోడి కాలే.”

“ఏటి సేద్దామని?”

“దుర్గ్ సేఠ్ ఒకాయన వ్యాన్ ఇస్తానంటన్నాడు. దివాళీకల్లా వచ్చేస్తాది. దీన్ని పాత ఇనుం కింద కబాడీకి తోసేద్దాం.”

మా ఆవిడ వరండాలో మంచం మీద ఉంది. గుండె నీరసించిపోయిందనీ, కాళ్ళకు నీరు దిగుతోందనీ, ఇంక ఆసుపత్రిలో చేసేది లేదు ఇంటికి తీసుకెళ్ళమనీ డాక్టరు అప్పటికే చెప్పేశాడు. పడుకున్నచోటి నుంచే అంది:

“ఒరే బాబూ, ఆ వ్యాను మీద నానెల్లను. ముందే సెప్తన్నాను.”

“అరే పిన్నీ, అలగంటావేటి!”

“ఎలగనాలి మరి? డాక్టరు సెప్పిందే సెప్తన్నాను. నా కొడుకు ఏ బండి మీదెల్లినాడో నన్నూ ఆ బండి మీదే ఎట్టండి. నాకింకేటీ అక్కర్లేదు.”

సెక్రటరీ నా మొహం చూశాడు. నేను గట్టిగా ఛాతీ విరిచి, “దివాళీ లోపల దీన్ని కొత్తదానికంటే గట్టిగా చేసిస్తాను. అతుకుల పని నాకంటే తెలిసినవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు?” అన్నాను. ఆ మాటలో నిజం ఎంతో ఇందాకే రాశాను. నలభై ఏళ్ళు ఆ పనిలో ఉండటం వల్ల హెల్పర్ దాటి ఫిట్టర్‌నైతే అయ్యాను. అతుకు విప్పి తుప్పు తీయడం చాలాసార్లు చూశాను, కొన్నిసార్లు చేశాను. చేతులు వణకని రోజుల్లో.

“తిన్నగా ఐతే ఉంటాది. లేకపోతే కబాడీ. సరేనా?” అని వెళ్ళాడు.

మర్నాడు ట్రాలీని తెచ్చి మా ఇంటి ముందు నిలబెట్టాను. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ చెంబుతో బయటికొచ్చి దాన్ని చూసి చెంబు వదిలేసింది. “హాయ్ దాయీ! కాకా మర్ గిస్ కా?” అని అరిచింది. కాకా పోయాడా అని అడుగుతోంది, నన్ను చూస్తూనే. సంగతి తెలిసి చరోదా నుంచి మా అమ్మాయి పరుగున వచ్చింది. దాని భర్తది రైల్వే ఉద్యోగం, అక్కడి కాలనీలో ఉంటారు.

“పప్పా, మీకు దిమాగ్ ఉందా? మమ్మీ బీమార్‌గా ఉంటే గుమ్మం ముందర ఇది పెడతారా? లోగ్ క్యా కహేంగే? చూసినవాళ్ళు ఏమంటారు?”

“అడగవే మీ నాన్నని,” అంది మా ఆవిడ మంచం మీంచి. “బుకింగ్ కూడా సేసీసినాడు.” నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, “ఉండనీయే. నా కోసమే తెచ్చినాడు,” అంది.

పని మొదలుపెట్టాను. అతుకుల మధ్య తుప్పుకి పైపైన మందు రాస్తే ఏమీ కాదు. ముందు అతుకు పొడవునా రంగు మొత్తం తీసి రేకు కనబడేలా చేయాలి. తర్వాత ఎక్కువ ఉబ్బినచోట రివెట్లు తొలిచి రేకు అంచు కాస్త ఎత్తాలి. హాక్సా బ్లేడు పలచగా అరగదీసి ఆ సందులోకి పంపి, ఎండిన తుప్పుని పొరలు పొరలుగా బయటికి లాగాలి. తుప్పు రాలే చప్పుడు అప్పడం విరిగినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వింటే నాకు సరదాగా ఉండేది. మొదటి రోజు సాయంత్రానికే సగం పని అయిపోయిందని మా ఆవిడకి చెప్పాను. ఒక మూల, మూర పొడవు అయింది.

రంగు గీస్తుంటే ఒక రంగు కింద ఒక రంగు వచ్చేది. తెలుపు కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, మళ్ళీ తెలుపు. ఏ రంగు ఎవరిదో నాకు చాలావరకు తెలుసు. మా ఆవిడ మంచాన్ని వరండా అంచుకి జరిపించుకుని చూసేది.

“అది ఎవులిది?”

“కిరాణా ముసలాయనది.”

“ఆడా! గట్టిగా గియ్యి. తూకంలో ఎప్పుడూ మోసమే.”

అలా నవ్వుకుంటూనే నడిచింది, నీలం వచ్చేదాకా. కుడివైపు అంచున, ఎన్నో రంగుల కింద. మేం వేయించిన నీలం అంత ముదురుగా ఉండేదని నాకు గుర్తు లేదు. ఇన్నేళ్ళూ ఎండ తగలక అలాగే ఉండిపోయినట్టుంది. ఒక్క దెబ్బకి గీసిపారేశానని తర్వాత సెక్రటరీతో అన్నాను. గీయలేదు. స్క్రాపర్ కింద పెట్టి, చల్లగా ఎడమవైపుకి వెళ్ళి అక్కడ పని చేశాను. మర్నాడూ ఎడమవైపే. ఎడమవైపు అంతా అయిపోయాక కొక్కెం తుడిచాను. చక్రాల బోల్టులు బిగించాను. అవి బిగువుగానే ఉన్నాయి.

“మావా,” అంది మా ఆవిడ, “ఆ కుడిపక్క మాటేటి?”

“అక్కడ తుప్పు లేదే. అలగ ఉంచీద్దాం.”

“లేదా?”

“పెద్దగా లేదు.”

గోడ పట్టుకుని లేచింది. చాలా రోజులుగా లేవని మనిషి. నేను పరుగెత్తి పట్టుకున్నాను. ట్రాలీ దాకా వచ్చి, అంచు మీద చెయ్యేసి నిలబడి, నీలం మీద వేలితో నొక్కింది. రంగు కింద రేకు కరకరమంది. లోపల ఇనుము లేదు, పొడి ఉంది.

“ఇటియ్యి,” అని స్క్రాపర్ తీసుకుంది.

“వద్దే.”

“కింద పొడైపోతంటే పైన ఈ రంగు ఎన్నాళ్ళుంటాది? నాను ఎల్లేవరకైనా ఉంటాదా? ఇయ్యి.”

ఆవిడే గీసింది. బలం లేదు, గీతలు పడ్డాయి గానీ రంగు ఊడలేదు. రెండో చెయ్యి కూడా వేసి నొక్కింది. బెత్తెడంత ఊడింది. నీలం పెచ్చులు ఆవిడ చీర కుచ్చిళ్ళలో పడ్డాయి. ఊపిరి అందక కూర్చుండిపోయింది. నేను మంచం దగ్గరికి తీసుకెళ్తుంటే, “మిగతాది నువ్వు తియ్యి. నాను సూడను,” అని గోడవైపు తిరిగి పడుకుంది. తీశాను. ఆ పని చేస్తున్నంతసేపూ కళ్ళలో రంగు పొడి పడిందని మా అమ్మాయితో చెప్పాను. పొడి పడితే ఒక కన్నే ఎర్రబడుతుంది, నావి రెండూ ఎర్రబడ్డాయి.

అక్కడి నుంచి మందు పని. తుప్పుని నల్లగా మార్చి ఆపేసే నీళ్ళమందు ఉంటుంది. బ్రష్‌తో రాస్తే అతుకు లోపలికి వెళ్ళదు. మా ఆవిడకి ఇంజెక్షన్లు ఇవ్వడానికి రోజూ ఒక నర్సమ్మ వచ్చేది. ఆమె వాడిన సిరంజిలు అడిగి తీసుకుని, సూది తీసి, వాటితో సందుల్లోకి మందు ఎక్కించాను. “ఇద్దరికీ ఒకే ట్రీట్‌మెంటా అంకుల్‌జీ?” అని నర్సమ్మ నవ్వేది. రెండింటిలో ఒకటే బాగుపడుతోందని ఇద్దరికీ తెలుసు. మందు ఆరాక గోరువెచ్చని అవిసె నూనె పోశాను. నూనె తనంతట తానే పాకుతూ సందు చివరిదాకా పోతుంది. నూనె దిగాక, పూర్తిగా పొడైపోయినచోట కొత్త రేకు ముక్క వేసి, రివెట్లు మళ్ళీ కొట్టి, పైనుంచి నీరు దిగకుండా అతుకు పై అంచుని పుట్టీతో మూశాను. కింది అంచు మాత్రం తెరిచి ఉంచాలి. ఎంత కాపాడినా చెమ్మ ఎక్కడినుంచో దిగుతుంది, దిగినది పోవడానికి దారి ఉండాలి. పైన పలచగా రెడ్ ఆక్సైడ్ పూశాను. అంతే. ఇంకే రంగూ లేదు.

అతుకుల లోపలి నూనె ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. మా ఆవిడ పొద్దున్నే అడిగేది.

“ఆరిందా?”

“ఇంకా ఆరలేదు.”

“ఎండ బాగానే కాస్తంది గదా?”

“ఇది వేరే నూనె. మెల్లగా ఆరతాది.”

దసరా వెళ్ళింది. ఎండ రోజూ కాస్తూనే ఉంది. నేను రోజూ ట్రాలీ చుట్టూ తిరిగి, వంగి చూసి, తల అడ్డంగా ఊపి వచ్చేవాడిని. బండి తయారైతే ఇంక దేనికోసం ఆగుతుంది అని నా భయం. అది పూర్తికానంతకాలం ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుందనుకున్నాను. ఇనుముతో ఇంతకాలం బతికినవాడికి ఇలాంటి ఆలోచన వస్తుందని నేనే నమ్మను.

ఒకరోజు నేను పాలకి వెళ్ళి వచ్చేసరికి మా అమ్మాయి ట్రాలీ దగ్గర నిలబడి ఉంది. దాని వేళ్ళకి నూనె లేదు.

మా ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “మావా, అది ఆరీసింది. దీని సేత ముట్టించి సూసినాను. ఎప్పుడో ఆరీసుంటాది.”

చేతిలోని పాలు కింద పెట్టాను.

“నానేటి, నువ్వు బండి అప్పగిస్తే ఆ సాయంత్రమే ఎక్కీస్తాననుకున్నావా? ఎర్రి మొగుడా. ఇచ్చీ. ఎవులికైనా అవసరం ఉంటాది.”

సెక్రటరీని పిలిచాను. అతను రేకుల మీద కాలితో తన్ని చూశాడు, అడుగున తలపెట్టి చూశాడు. బరువు ఆగుతుందా అన్నాడు. నేను చెప్పులు విడిచి, ఎక్కి, వెల్లకిలా పడుకుని చేతులు కట్టుకున్నాను. పక్కింటి ముసలమ్మ సరిగ్గా అప్పుడే వచ్చింది. ఈసారి అరవలేదు, దండం పెట్టింది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మంచం కోడు పట్టుకుంది.

“ఎలగుంది మావా?”

“వీపుకి సల్లగా ఉంది.”

“సాలు, దిగు. అది నాది.”

నా షరతులు రెండు చెప్పాను. ఇకమీదట బకెట్లతో కడగకూడదు. రంగు వేయకూడదు, బ్రష్ ఒక్కసారి కింది అంచుకి తగిలితే దారి మూసుకుపోయి మళ్ళీ మొదటికొస్తుంది. సెక్రటరీ జుట్టు పీక్కున్నాడు. “బాబాయ్, మైల ఎలా పోద్ది? పెద్దోళ్ళు ఊరుకుంటారా?” అప్పుడు మా ఆవిడే చెప్పింది, పసుపునీళ్ళు పువ్వుతో చిలకరించి పొడిగుడ్డతో తుడవమని. “రంగు మాట?” అన్నాడు. “రంగు ఎయ్యకపోతే సచ్చినోడు లెగిసొచ్చి అడుగుతాడేటి?” అంది. పెద్దవాళ్ళు గొణిగారు గానీ, చెప్పింది ఎవరో తెలిసి ఒప్పుకున్నారు.

వ్యాను దివాళీకి రాలేదు. ఇప్పటికీ రాలేదు.

దివాళీ వెళ్ళాక ఒక మధ్యాహ్నం మా ఆవిడ పోయింది. మా అమ్మాయి చెంచాతో నీళ్ళు ఇస్తోంది. రెండో చెంచా లోపలికి వెళ్ళలేదు. ఎవరికి ఏం చెప్పాలో అన్నీ సెక్రటరీయే చూసుకున్నాడు. ట్రాలీ వచ్చింది. కోరినట్టే ఎక్కించాం.

మా అబ్బాయిని తీసుకెళ్ళిన రోజు ఆ ట్రాలీ దారి పొడవునా మోగింది. అప్పటికే అతుకులు కాస్త వదులయ్యాయి; గుంతల్లో పడితే రేకులు దడదడలాడాయి. వాడికి దెబ్బ తగులుతుందేమోనని మా ఆవిడ వీధి చివరిదాకా వెంట వచ్చి “మెల్లగా, మెల్లగా” అని అరిచింది. ఈసారి ఎక్కడా చప్పుడు లేదు. ఆటో ఇంజను తప్ప ఏమీ వినపడలేదు. నా పక్కన నడుస్తున్న ఒకాయన, “అన్నా, బండి భలే తిన్నగా చేశావే,” అన్నాడు. మెచ్చుకుంటే ఉబ్బిపోయే మనిషిని నేను. ఆ ఒక్కసారి అది మోగి ఉంటే బాగుండును, మెల్లగా అని అరవడానికైనా ఏదో ఉండేది అనిపించింది.

తిరిగొచ్చాక అలవాటుకొద్దీ ఎవరో బకెట్ ఎత్తారు. నా వైపు చూసి దించేశారు. పసుపునీళ్ళు చిలకరించి నేనే తుడిచాను. బంతిరేకులు, పేలాలు అతుకుల దగ్గర ఇరుక్కున్నాయి. ఒక్కొక్కటే తీశాను.

పదకొండో రోజున మా అమ్మాయి ఒక డబ్బా తెచ్చింది. మా ఆవిడకి వంకాయ రంగు ఇష్టం. అలాంటి చీరలే కట్టేది. అదే రంగు, షాపులో కలిపించింది.

“పప్పా, ఒక్క కోటు.”

“వద్దమ్మా.”

“ఫ్లోర్ మీద వద్దు. సైడ్‌కి. ఇంత.” బొటనవేలూ చూపుడువేలూ విడదీసి చూపించింది.

“మనమేస్తే రేపు అందరూ ఏస్తారు. నానెలగ కాదంటాను?”

“సబ్‌కా హై, పప్పా. అందరికీ ఉంది. భయ్యాకి ఉంది. మమ్మీకి ఒక్కదానికే లేదా?” డబ్బా నేల మీద పెట్టి ఏడ్చింది. దానికి నలభై దాటాయి. వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అంత గట్టిగా ఏడవలేదు.

భయ్యాకి ఉన్నది వాళ్ళమ్మే గీసేసిందని చెప్పలేకపోయాను. డబ్బా మూత తీయడానికి వంగాను కూడా. నిజంగా వంగాను, ఇది పెంచి చెప్పడం కాదు. కానీ అతుకు మూసుకుపోతే రేపు పొడైపోయేది ఆవిడ ఎక్కి వెళ్ళిన రేకే కదా అనిపించి ఆగిపోయాను.

ఇంట్లోంచి అవిసె నూనె గిన్నె తెచ్చి, గోనెపట్టా పరిచి ట్రాలీ కిందికి దూరాను. ఈ వయసులో దూరడం తేలికే గానీ రావడమే కష్టం. కింది అంచు వెంట వేలు పోనిచ్చి దారి తెరిచి ఉందో లేదో చూసుకుని, సన్నటి బ్రష్‌తో నూనె పెట్టాను. కాసేపటికి మా అమ్మాయి కూడా చున్నీ నడుముకి కట్టుకుని పక్కన దూరింది.

“ఇక్కడా?”

“ఇక్కడే. మెల్లగా పెట్టు. అదే లోపలికి ఎల్తాది.”

“బయటికి కనిపించదు కదా?”

“కనిపించదు.”

అది మూతి తుడుచుకుని నా చేతిలోంచి బ్రష్ తీసుకుంది. నేను గిన్నె పట్టుకున్నాను. ఒక అతుకు అయ్యాక ఇద్దరం వీపుల మీదే పక్క అతుకు కిందికి జరిగాం.